నాన్న నడిచిన దారి

1953 జులై. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ప్లెయిన్స్ అనే చిన్న ఊరు. ఊరంతా కలిపినా జనాభా వందల్లోనే. ఆ ఊళ్లో ఎర్ల్ కార్టర్ అనే రైతు మంచాన పడ్డాడు. క్లోమానికి క్యాన్సర్. ఇక ఎన్నో రోజులు లేవని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన్ను చూడటానికి ఊరి జనం వస్తూనే ఉన్నారు. తెల్లవాళ్లొచ్చారు, నల్లవాళ్లొచ్చారు. మంచం పక్కన కూర్చున్న పెద్దకొడుకు జిమ్మీ వాళ్లందరి మాటలూ వింటున్నాడు.

అప్పు కట్టలేనప్పుడు మీ నాన్న గడువిచ్చాడని ఒకరు చెప్పారు. బడి చదువు ముగిసిన రోజున కట్టుకోవడానికి మంచి బట్టల్లేని పేదపిల్లలకు ఎవరికీ తెలియకుండా కొనిచ్చాడని ఇంకొకరు చెప్పారు. ఇవేవీ ఆ ఇంట్లోవాళ్లకే తెలియవు. ఎర్ల్ ఎప్పుడూ చెప్పుకోలేదు.

జిమ్మీకి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. నౌకాదళంలో లెఫ్టినెంట్. అణు జలాంతర్గాములు తయారుచేసే బృందంలో పనిచేస్తున్నాడు. మంచి జీతం, మంచి భవిష్యత్తు. అయినా తండ్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు అతనికి ఒక ప్రశ్న పట్టుకుంది. 'నేను పోయిననాడు నాకోసం ఇలా ఎంతమంది వస్తారు?'

ఆ ప్రశ్న అతణ్ని మళ్లీ మడిచెక్కలోకి దింపింది. అక్కణ్నుంచి అమెరికా అధ్యక్ష పదవిదాకా, ఆ తర్వాత ఆఫ్రికా పల్లెలదాకా నడిపించింది.

పల్లీకాయల పొట్లాలు

జిమ్మీ కార్టర్ 1924 అక్టోబరు 1న పుట్టాడు. తల్లి లిలియన్ నర్సు. నాలుగేళ్ల వయసులో కుటుంబం ప్లెయిన్స్‌కు కొద్దిదూరంలోని ఆర్చరీ అనే పల్లెకు మారింది. ఇంట్లో కరెంటు లేదు. నీళ్లు తోడుకోవాల్సిందే. తెల్లవారకముందే పొలంలో గంట మోగేది. ఆ గంటకు లేచి కూలీలతోపాటు పిల్లలూ పనిలోకి వెళ్లాలి. చుట్టుపక్కల ఇళ్లు దాదాపు అన్నీ నల్లజాతి వాళ్లవే. జిమ్మీ ఆడుకున్నదీ, చేపలు పట్టిందీ ఆ పిల్లలతోనే.

అయిదారేళ్ల వయసులోనే వ్యాపారం మొదలుపెట్టాడు. పొలంలో పచ్చి వేరుశనగ కాయలు పీకి, కడిగి, ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, పొట్లాలు కట్టి ప్లెయిన్స్ వీధుల్లో అమ్మేవాడు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి చేతిలో కాస్త డబ్బు చేరింది. అది ఆర్థికమాంద్యం కాలం. పత్తి ధర పౌను అయిదు సెంట్లకు పడిపోయింది. తండ్రి సలహాతో అయిదు బేళ్లు కొని కొట్టంలో దాచాడు. కొన్నేళ్లకు ధర పద్దెనిమిది సెంట్లకు చేరినప్పుడు అమ్మి, ఆ డబ్బుతో ఊళ్లో అయిదు చిన్న ఇళ్లు కొని అద్దెకిచ్చాడు. పొలం పనితోపాటు పైసా విలువా అప్పుడే తెలిసింది.

1946లో నౌకాదళ అకాడమీలో చదువు పూర్తయింది. ఆ ఏడాది జులై 7న సొంత ఊరి అమ్మాయి రోజలిన్‌ను పెళ్లి చేసుకున్నాడు. వాళ్లిద్దరి పరిచయం చిత్రమైనది. రోజలిన్ పుట్టినప్పుడు పురుడుకు సాయం వెళ్లింది నర్సు లిలియన్. మర్నాడు మూడేళ్ల కొడుకును చంకనేసుకెళ్లి పసిపాపను చూపించింది. అలా పెళ్లికూతుర్ని పురిట్లోనే చూసిన పెళ్లికొడుకు జిమ్మీ!

'నాన్నకు చెప్పు'

తండ్రి పోయాక జిమ్మీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. తండ్రి వదిలిన పొలం, కొట్టు, రైతులకిచ్చిన అప్పులు... వాటిని చూసుకునే దిక్కు లేదు. ఆయన మీద ఆధారపడిన కుటుంబాలూ ఉన్నాయి. అందుకే ఊరికి వెళ్లిపోదామన్నాడు. భార్యను మాత్రం అడగలేదు. అడగకుండానే నిర్ణయం తీసేసుకున్నాడు.

రోజలిన్ మండిపడింది. పదమూడేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని, తల్లికి చేదోడుగా ఉంటూ పెరిగిన పిల్ల ఆమె. ఆ చిన్న ఊరి నుంచి బయటపడి, ముగ్గురు కొడుకులతో తన సంసారం తాను దిద్దుకుంటోంది. మళ్లీ అక్కడికేనా? ఏడ్చింది, అరిచింది, లాభం లేకపోయింది. కారులో ఊరికి వస్తున్నంతసేపూ భర్తతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎక్కడైనా ఆపాల్సి వస్తే 'కారు ఆపమని మీ నాన్నకు చెప్పు' అని పెద్దకొడుకుతో చెప్పించింది.

చేసింది తప్పని జిమ్మీ తర్వాత ఒప్పుకున్నాడు. ఇంటికి సంబంధించిన పెద్ద నిర్ణయం భార్యతో చెప్పకుండా తీసుకోవడం ఎంత పొరపాటో ఆ ప్రయాణం నేర్పింది. ఆ తర్వాత డెబ్భై ఏళ్లలో అలాంటిది మళ్లీ చేయలేదని ఇద్దరూ చెప్పేవారు.

ఊళ్లో కాపురం ప్రభుత్వం పేదలకోసం కట్టించిన ఇంట్లో మొదలైంది. మరుసటి ఏడాదే వాన మొహం చాటేసింది. 1954 కరవులో పైరు ఎండిపోయింది. ఏడాదంతా కష్టపడితే చివరికి మూడొందల డాలర్లు కూడా మిగల్లేదు. వేరుశనగ సాగు సంగతి అనంతపురం రైతును అడిగితే తెలుస్తుంది. పూత పూశాక ఊడలు నేలలోకి దిగాలి, దిగిన ఊడ కాయ కట్టాలి. ఆ సమయంలో నేలలో తడి లేకపోతే చేను పచ్చగా కనిపించినా చేతికొచ్చేది డొల్లే. అది అనంతపురమైనా అమెరికా అయినా ఒకటే.

జిమ్మీ వెనక్కి వెళ్లలేదు. సేద్యం గురించి మళ్లీ మొదటినుంచీ చదివాడు. వ్యవసాయ తరగతులకు వెళ్లాడు. మామూలు కాయకంటే విత్తనపు కాయకు ధర ఎక్కువని గ్రహించి, మేలైన విత్తన వేరుశనగ పండించడం మొదలుపెట్టాడు. అలిగిన రోజలిన్ కొన్నాళ్లకు గోదాము ఆఫీసులో ఫోన్లు తీయడానికి వచ్చి, లెక్కల పుస్తకాలు ముందేసుకుంది. ఎవరెంత బాకీ, ఏ వ్యాపారంలో లాభం, దేంట్లో నష్టం... భర్తకంటే ఆమెకే ఎక్కువ తెలిసేది. ఎద్దులబండికి రెండు ఎద్దులూ సరిగ్గా కుదిరాయి.

అయిదు డాలర్ల సభ్యత్వం

అప్పట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లపిల్లలకు ఒక బడి, తెల్లపిల్లలకు ఒక బడి. ఇద్దరినీ కలపాలని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే అడ్డుకోవడానికి తెల్లవాళ్లు ఊరూరా సంఘాలు పెట్టారు. ప్లెయిన్స్‌లోనూ పెట్టారు. చేరమని కార్టర్ దగ్గరికి వచ్చారు. ఆయన కాదన్నారు. ఊళ్లో తెల్లవాళ్లలో చేరనిది మీరొక్కరేనని మళ్లీ వచ్చారు. సభ్యత్వం అయిదు డాలర్లేనని, అది కూడా తామే కడతామని ఆశపెట్టారు. ఆ డబ్బు మరుగుదొడ్లోనైనా పారేస్తాను గానీ మీకివ్వనని కార్టర్ తెగేసి చెప్పారు. దాంతో కొందరు ఆయన గోదాముకు రావడం మానేశారు. పల్లెటూరి వ్యాపారానికి అది చిన్న దెబ్బ కాదు. అయినా మాట మార్చుకోలేదు.

చర్చిలోకి నల్లవాళ్లను రానివ్వకూడదని 1965లో తీర్మానం పెట్టినప్పుడు కూడా అంతే. కార్టర్ లేచి వ్యతిరేకించారు. ఓటింగులో ఆయన వైపు నిలిచింది సొంత కుటుంబం, ఇంకొక్కరు.

అన్నిసార్లూ ఆయన ఇంత గట్టిగా నిలబడ్డారని కాదు. జిల్లా విద్యామండలి సభ్యుడిగా ఉన్న ఏళ్లలో వేర్వేరు బడుల పద్ధతిని ఆయన కదిలించలేకపోయారు. 1970లో గవర్నరు ఎన్నికలప్పుడు జాతివాదుల ఓట్లు పోకుండా నోరు జాగ్రత్తగా పెట్టుకున్నారు. గెలిచాక 1971 జనవరిలో ప్రమాణస్వీకారం రోజున మాత్రం జాతివివక్షకు కాలం చెల్లిందని అందరి ముందూ ప్రకటించారు. ఓట్లేసిన చాలామంది నోరెళ్లబెట్టారు.

రాజకీయాల్లోకి ఆయన వచ్చింది 1962లో, రాష్ట్ర సెనేటుకు పోటీచేసి. మొదట ఓడిపోయారు. ఒక ఊరి పెట్టెలో మతలబు జరిగింది. అక్కడ ఓటేసినవాళ్లు 333 మంది, పెట్టెలో తేలిన ఓట్లు 420! మన దగ్గర ఆ అంకెకున్న అర్థం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. చనిపోయినవాళ్లు కూడా వచ్చి ఓటేసినట్టు రాసిపెట్టారు. ఊరి పెత్తందారుకు ఎదురుచెబితే ప్రమాదమని అందరూ హెచ్చరించారు. కార్టర్ కోర్టుకెళ్లారు. ఆధారాలు సేకరించారు. చివరికి గెలిచారు.

పల్లీల దళం

1976లో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఆయన ఎవరో దేశంలో చాలామందికి తెలియదు. ప్లెయిన్స్ రైల్వేస్టేషనే ప్రచార కార్యాలయమైంది. జార్జియా నుంచి స్నేహితులు, చుట్టాలు సొంత ఖర్చులతో వేరే రాష్ట్రాలకు వెళ్లి ఇంటింటి తలుపూ కొట్టారు. వాళ్లకు 'పల్లీల దళం' అని పేరొచ్చింది. ఎన్నికల్లో కార్టర్ గెలిచారు. 1977 జనవరి 20న ప్రమాణం చేశాక కారు దిగి, భార్యాపిల్లలతో కలిసి శ్వేతసౌధందాకా నడుచుకుంటూ వెళ్లారు. తొమ్మిదేళ్ల కూతురు ఏమీని వాషింగ్టన్‌లోని ప్రభుత్వ బడిలో చేర్పించారు.

ఆయన కాలంలో చెప్పుకోవాల్సింది 1978 నాటి క్యాంప్ డేవిడ్ ఒప్పందం. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ పదమూడు రోజులు చర్చించినా చివరి రోజున మాటలు తెగిపోయే పరిస్థితి వచ్చింది. బెగిన్ తన మనవళ్లు, మనవరాళ్ల కోసం ముగ్గురు నాయకుల ఫొటోల మీద సంతకాలు అడిగి ఉన్నారు. కార్టర్ ఒక్కో పిల్లా పిల్లవాడి పేరు కనుక్కుని, ఒక్కో ఫొటో మీద ఆ పేరు రాసి సంతకం చేసి, స్వయంగా తీసుకెళ్లి చేతికిచ్చారు. ఆ పేర్లు చదువుతుంటే బెగిన్ కళ్లు చెమర్చాయి. చర్చలు మళ్లీ మొదలయ్యాయి. ఒప్పందం కుదిరింది. ఒక తాతకు ఏం చెబితే మనసు కరుగుతుందో ఆ రైతుకు తెలుసు.

అంతా మంచే జరిగిందా అంటే, లేదు. ధరలు మండిపోయాయి. గిట్టుబాటు ధరలు లేవంటూ 1979లో రైతులు ట్రాక్టర్ల మీద వాషింగ్టన్‌కు దండెత్తి వచ్చారు. రైతు అధ్యక్షుడైతే రైతులే రోడ్డెక్కారు! 1980లో సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకాలు ఆపేయడంతో వాళ్లకు ఇంకా కోపమొచ్చింది. ఇరాన్‌లో 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా ఉండిపోయారు. వాళ్లను విడిపించడానికి పంపిన దళం దారిలోనే ప్రమాదానికి గురై ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. 1980 ఎన్నికల్లో కార్టర్ చిత్తుగా ఓడిపోయారు. బందీలు ప్రాణాలతో తిరిగొచ్చారు. కానీ వాళ్లు విడుదలైంది ఆయన పదవి దిగిన కొద్ది నిమిషాలకు.

ఇంటికొస్తే అప్పులు

యాభై ఆరేళ్ల వయసులో ప్లెయిన్స్‌కు తిరిగొచ్చేసరికి ఇంకో దెబ్బ. అధికారంలో ఉన్నంతకాలం వ్యాపారంతో సంబంధం ఉండకూడదని గోదామునూ పొలాన్నీ ఇతరుల నిర్వహణకు అప్పగించి వెళ్లారు. నాలుగేళ్ల తర్వాత లెక్క చూస్తే పది లక్షల డాలర్ల అప్పు తేలింది. వరసగా వచ్చిన కరవులూ ఒక కారణమే. గోదాము వ్యాపారం అమ్మి బాకీలు తీర్చారు. పొలం మాత్రం నిలబెట్టుకున్నారు. పుస్తకాలు రాసి సంపాదించుకున్నారు. పెద్ద కంపెనీల బోర్డుల్లో కూర్చోలేదు. 1961లో కట్టుకున్న రెండు పడగ్గదుల ఇల్లే చివరిదాకా ఆయన ఇల్లు.

ఆ పుస్తకాల్లో ఒకటి రోజలిన్‌తో కలిసి రాశారు. అధ్యక్ష ఎన్నికల్లో ఓడినా చెక్కుచెదరని సంసారం ఆ పుస్తకంతో బీటలు వారేలా కనిపించింది. ఒకే సంగతి ఆయనకు ఒకలా, ఆమెకు ఇంకోలా గుర్తు. ఆయన చకచకా రాసేస్తారు, ఆమె ప్రతి మాటా చెక్కుతారు. మాటలు మానేసి ఒకరికొకరు ఘాటుగా రాసుకునేదాకా వెళ్లింది. చివరికి ఎవరి పేరాలు వాళ్లవని, కింద పొడి అక్షరాలు వేసుకోమని ప్రచురణకర్తలు రాజీ కుదిర్చారు. ఆ దంపతులకు ఒక నియమం ఉండేది. పోట్లాట తేల్చుకోకుండా నిద్రపోకూడదు. రాత్రి పడుకునేముందు ఇద్దరూ కలిసి బైబిల్ చదువుకునేవారు. నేర్చుకున్నది మరచిపోకూడదని స్పానిష్‌లో చదివేవారు.

నారికురుపు

1982లో భార్యాభర్తలు అట్లాంటాలో కార్టర్ సెంటర్ స్థాపించారు. నాలుగేళ్ల తర్వాత ఆ సంస్థ ఎత్తుకున్న పని నారికురుపు నిర్మూలన. రాయలసీమ పల్లెల్లో పాతతరానికి ఈ పేరు తెలుసు. చెరువు నీళ్లో, దిగుడుబావి నీళ్లో తాగినప్పుడు కంటికి కనిపించనంత చిన్న నీటిపురుగుల ద్వారా ఈ క్రిమి కడుపులోకి వెళ్తుంది. ఏడాది తర్వాత సుమారు మూడడుగుల పొడవున దారంలా పెరిగి, ఎక్కువగా కాలి మీద పొక్కు చీల్చుకుని బయటికొస్తుంది. పుల్లకు చుడుతూ రోజుకు కొంచెం లాగాలి. తెగితే పుండు ముదురుతుంది. మంట తట్టుకోలేక రోగి నీళ్లలో కాలు పెట్టగానే క్రిమి వేలకొద్దీ పిల్లల్ని అందులో వదులుతుంది. మళ్లీ ఆ నీళ్లే ఊరంతా తాగుతారు. దీనికి టీకా లేదు, మందూ లేదు.

మరి ఉపాయం? తాగేనీళ్లను సన్నటి గుడ్డతో వడకట్టడం, పుండు ఉన్నవాళ్లను చెరువులో దిగనివ్వకపోవడం, నీటిపురుగులు చచ్చేలా మందు కలపడం. వినడానికి ఇంతే. కానీ వేల పల్లెల్లో గడప గడపకూ వెళ్లి చెప్పాలి. 1988లో ఘనాలోని ఒక పల్లెలో బిడ్డను ఎత్తుకున్నట్టు కనిపించిన తల్లి దగ్గరికి కార్టర్ వెళ్లారు. దగ్గరికెళితే తెలిసింది, ఆమె పట్టుకున్నది బిడ్డను కాదు, క్రిమి వల్ల వాచిపోయిన రొమ్మును. ఆ దృశ్యం ఆయన జీవితాంతం మరచిపోలేదు. సూడాన్‌లో అంతర్యుద్ధం వల్ల ఆరోగ్య కార్యకర్తలు పల్లెల్లోకి వెళ్లలేకపోతే, 1995లో రెండు పక్షాలతో మాట్లాడి దాదాపు ఆరు నెలలు తుపాకులు ఆపించారు.

మన దేశం 1980ల్లోనే సొంతంగా కార్యక్రమం మొదలుపెట్టి, దిగుడుబావుల బదులు బోర్లు వేసి, 1996లో చివరి కేసు చూసింది. 2000లో భారత్‌కు ఈ జబ్బు పీడ వదిలిందని ధ్రువీకరణ వచ్చింది. 1986లో ప్రపంచమంతటా ఏటా సుమారు 35 లక్షల మందికి వచ్చిన నారికురుపు 2024లో 15 మందికి మాత్రమే వచ్చింది.

సుత్తి పట్టిన చేతులు

1984 నుంచి ఏడాదికి ఒక వారం భార్యాభర్తలు పేదలకు ఇళ్లు కట్టడానికి వెళ్లేవారు. పక్క ఊళ్లోనే పుట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ తరఫున వెళ్లి రిబ్బన్ కత్తిరించి రావడం కాదు, సుత్తి పట్టుకుని మేకులు కొట్టడమే. ఈ పని వల్ల పద్నాలుగు దేశాల్లో 4,300కు పైగా ఇళ్లు లేచాయి, బాగుపడ్డాయి. 2006లో మహారాష్ట్రలోని లోనావాలా దగ్గర మలవలికి వచ్చి పనిచేసినప్పుడు ఆయనకు ఎనభై రెండేళ్లు.

ఆ కుటుంబానికి మన దేశంతో అనుబంధం అంతకుముందే ఉంది. ఆయన తల్లి లిలియన్ అరవై ఎనిమిదేళ్ల వయసులో సేవకని బయల్దేరి, 1966-68 మధ్య ముంబయి దగ్గర విక్రోలిలో నర్సుగా పనిచేశారు. 1978 జనవరిలో కార్టర్ దంపతులు హరియాణాలోని దౌలత్‌పుర్ నసీరాబాద్‌కు వెళితే, ఆ ఊరివాళ్లు అభిమానంతో ఊరి పేరే కార్టర్‌పురి అని మార్చుకున్నారు.

2002లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2015లో క్యాన్సర్ కాలేయానికీ మెదడుకూ పాకింది. 'నాకంటే ముందు ఆఖరి నారికురుపు క్రిమి చావాలి' అని నవ్వుతూ అన్నారు. కొత్త మందులు పనిచేసి కోలుకున్నారు. 2019 అక్టోబరులో, తొంభై అయిదేళ్ల వయసులో ఇంట్లో పడిపోయి నుదుటికి పద్నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు నల్లబడిన కంటితోనే నాష్‌విల్‌లో ఇళ్లు కట్టేచోట కనిపించారు.

మళ్లీ ఆ గంట

రోజలిన్ 2023 నవంబరు 19న కన్నుమూశారు. డెబ్భై ఏడేళ్ల కాపురం. అప్పటికి తొమ్మిది నెలలుగా ఆయన ఇంటిపట్టునే చివరిరోజుల సంరక్షణలో ఉన్నారు. అయినా దుప్పటి కప్పుకుని, చక్రాల కుర్చీలో వచ్చి భార్యకు వీడ్కోలు చెప్పారు. 2024 డిసెంబరు 29న, వందేళ్లు నిండిన మూడు నెలలకు, ఆ పాత ఇంట్లోనే ఆయనా వెళ్లిపోయారు. ఆఖరి నారికురుపు ఇంకా మిగిలే ఉంది.

2025 జనవరి 4న ఆయన పార్థివదేహం ఉన్న వాహనం ముందుగా ఆర్చరీలోని చిన్ననాటి పొలం ముందు ఆగింది. ఆయన అమెరికాకు 39వ అధ్యక్షుడు. అందుకని ఆ పొలంలోని పాత గంటను 39 సార్లు మోగించారు. ఒకప్పుడు తెల్లవారకముందే జిమ్మీని పనిలోకి లేపిన పొలం అది.

దారి పొడవునా రోడ్డుకు రెండు పక్కలా జనం నిలబడ్డారు. తెల్లవాళ్లున్నారు, నల్లవాళ్లున్నారు. డెబ్భై ఒక్కేళ్ల కిందట తండ్రి మంచం పక్కన కూర్చుని ఒక కొడుకు వేసుకున్న ప్రశ్నకు వాళ్లే జవాబు.